మసక వెలుతురులో తడబడే లెక్క

పగలు ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది, రాత్రి వదులుతుంది. తెల్లవారుతున్నప్పుడూ పొద్దుగూకేటప్పుడూ ఈ రెండూ సరిసమానమై, నికరం సున్నా అయ్యే క్షణం ఒకటి వస్తుంది. చెట్టుకిది రోజూ ఉండేదే. ఆకును లెక్కకట్టే కంప్యూటర్ మోడల్‌కే గండం.

1980లో ఫార్కర్, వాన్ కేమరర్, బెర్రీ అనే శాస్త్రవేత్తలు కిరణజన్య సంయోగక్రియకు రాసిన సమీకరణాలు నేటికీ ఎన్నో వాతావరణ మోడళ్లకు ఆధారం. ఆకు ఎంత పీలుస్తుందో తెలియాలంటే దాని లోపల ఎంత వాయువుందో తెలియాలి. అది పత్రరంధ్రాలు ఎంత తెరుచుకున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. 1987 నాటి బాల్-బెర్రీ సూత్రం ప్రకారం ఆ తెరుపేమో మళ్లీ పీల్చే వేగాన్ని బట్టి! అందుకే ఒక అంచనాతో మొదలుపెట్టి, అన్నీ పొసగేదాకా లెక్కను తిప్పితిప్పి చేస్తారు.

నికర వేగాన్ని (పీల్చేదాంట్లోంచి వదిలేది తీసేయగా మిగిలేదాన్ని) రంధ్రాల వాహకతతో, అంటే అవి వాయువునూ నీటి ఆవిరినీ ఎంత సులువుగా పోనిస్తాయన్న కొలతతో భాగించి, 1.6తో హెచ్చించి, బయటి గాఢతలోంచి తీసేస్తే లోపలి గాఢత వస్తుంది. కనీస వాహకత అంటూ ఏమీ పెట్టకపోతే, మసకలో లవం, హారం రెండూ సున్నా వైపు జారతాయి. నికరం మైనస్‌లోకి దిగితే వాహకతా మైనస్ అవుతుంది. మైనస్‌ను మైనస్‌తో భాగిస్తే ప్లస్సే కదా! ఆకు వాయువును బయటికి వదులుతున్నా, లోపల బయటికంటే తక్కువ ఉందని జవాబొస్తుంది. ప్రోగ్రామ్ ఆగదు, కసురుకోదు. ఆగిపోయినా నయమే అంటాను నేను.

అందుకని నికరం మైనస్ అయితే, వాహకత లెక్కలో దాన్ని సున్నాగా పట్టి, చదరపు మీటరుకు సెకనుకు 0.01 మోల్ లాంటి కనీస వాహకతను ఉంచుతారు. బయట 400 పీపీఎం ఉండి, ఆకు అదే లెక్కన 1 మైక్రోమోల్ వదులుతుంటే లోపల 560 వస్తుంది. అదే కనీసాన్ని 0.001 చేస్తే 2000! లెక్క నిలబడ్డానికి పెట్టిన ఈ అంకే రాత్రిపూట ఆకు ఎంత నీరు కోల్పోతుందో కూడా తేల్చేస్తుంది. దాన్ని తోచినట్టు ఎంచుకోకూడదు.

ఇంకో చిక్కు, ఆకులో కాంతి నడిపే ఎలక్ట్రాన్ల ప్రవాహం దగ్గర. దాన్ని వర్గసమీకరణంలోని చిన్న మూలంగా కడతారు. ఆ ప్రవాహానికి గరిష్ఠం 100, ఉన్న కాంతి నడపగలిగే వాటా 0.000001 అనుకోండి. బడి సూత్రంలో దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేయాలి. ఏడంకెల కచ్చితత్వమే ఉన్న సింగిల్ ప్రెసిషన్‌లో అవి రెండూ 100గానే నిలిచి, ప్రవాహం సున్నా అని తేలుతుంది. శ్వాసక్రియ ముందు ఆ తేడా ఎంతని? ఏ నిష్పత్తిలోనో హారంగా పడ్డప్పుడే దెబ్బ. సూత్రాన్ని తిరగేసి, ఆ రెండు సంఖ్యలనూ కూడి హారంలో పెడితే, అదే ఏడంకెలతో 0.000001 వచ్చేస్తుంది.