నిప్పు లేని మంట

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్తే, మిరపకాయలు కంటికి కనబడకముందే ముక్కుకు తెలిసిపోతాయి. ముందు తుమ్ము, వెనకే దగ్గు, ఆ తర్వాత కళ్లల్లో నీళ్లు. బస్తాలు మోసేవాళ్లు మూతికి తువ్వాల చుట్టుకునేది అందుకే. తీరా నీడలో పెట్టిన బస్తా మీద చెయ్యి వేసి చూస్తే చల్లగానే ఉంటుంది. థర్మామీటరు గుచ్చి చూసినా, పక్కనున్న పత్తి బస్తాకూ దీనికీ తేడా కనిపించదు. మరి అదే మిరపకాయ కొరికితే నోట్లో నిప్పు పెట్టినట్టు ఎందుకుంటుంది?

నాలుక మీద తీపికి, పులుపుకు, ఉప్పుకు, చేదుకు రుచి చెప్పే కణాలున్నాయి. కారానికి లేవు. కారం అసలు రుచే కాదు, అదొక రకం నొప్పి. అనుమానం ఉంటే ఇలా ఆలోచించండి: చక్కెర కంట్లో పడితే కంటికి తియ్యగా అనిపించదు, కారం పడితే మాత్రం మండుతుంది. గోటి సందులోకి పోయినా మండుతుంది. నోటితో దానికి ప్రత్యేకమైన చుట్టరికం ఏమీ లేదు.

చర్మంలో, నాలుకలో, కంట్లో, ముక్కులో సన్నటి నరాల కొసలు పరుచుకుని ఉంటాయి. ఆ కొసల మీద తెరుచుకుని మూసుకునే అతి చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో ఒక రకం, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే తెరుచుకుంటుంది. తెరుచుకోగానే బయటున్న సోడియం, కాల్షియం లోపలికి దూరతాయి, నరం మేల్కొంటుంది. దీని పేరు టీఆర్‌పీవీ1. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ సరిగ్గా ఈ రంధ్రానికే అతుక్కుని, వేడి లేకున్నా దాన్ని తెరిచేస్తుంది. ఇక మెదడుకు అందే కబురు ఒక్కటే: కాలుతోంది!

దీన్ని 1997లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం పట్టుకుంది. పట్టుకున్న తీరు నాకు భలే నచ్చుతుంది. నొప్పి తెలిసే నరకణాల్లో పనిచేసే జన్యువులను పోగుచేసి, మిర్చి ఘాటు తెలియని వేరే కణాల్లో పెట్టారు. తర్వాత వాటికి క్యాప్సైసిన్ తగిలించారు. ఏ కణాలు ఉలిక్కిపడ్డాయో, వాటిలో పెట్టిన జన్యువులను జల్లెడ పట్టుకుంటూ పోతే చివరికి ఒక్కటి మిగిలింది. ఆ రంధ్రాన్ని తయారుచేసే జన్యువు అదే. 2021లో జూలియస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. స్పర్శను పసిగట్టే రంధ్రాలను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్ ఆయనతో దాన్ని పంచుకున్నారు.

మే నెలలో మన దగ్గర ఎండ 43 దాటిన రోజులుంటాయి కదా, మరి ఒళ్లంతా కారం పూసినట్టు మండదేం అని అడగొచ్చు. చెమట ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది కాబట్టి, చర్మం వేడి గాలి వేడి దాకా పోదు. కారం తిన్నప్పుడు కూడా శరీరం ఈ ఉపాయమే వాడుతుంది. వేడి తగిలిందనుకుని నుదుటి మీద, ముక్కు మీద చెమట పోయిస్తుంది. ముక్కు కారడం, కళ్లల్లో నీళ్లు రావడం లోపల పడిన ఘాటును కడిగెయ్యడానికే. ఇంకొకటి గమనించారా? మిర్చి బజ్జీ తిన్న వెంటనే చాయ్ తాగితే, గోరువెచ్చగా ఉన్నది కూడా నాలుక కాల్చినట్టుంటుంది. క్యాప్సైసిన్ అతుక్కుని ఉన్నంతసేపు ఆ రంధ్రం 43 డిగ్రీల దాకా ఆగదు, అంతకంటే తక్కువ వేడికే తెరుచుకుంటుంది.

రంగు చూసి ఘాటు అంచనా వేస్తే బోల్తా పడతాం. వరంగల్ చపాటా మిర్చి రక్తంలా ఎర్రగా ఉంటుంది, కారం మాత్రం తక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది దీనికే. తేజ రకం సన్నగా ఉండి దుమ్ము రేపుతుంది. ఘాటంతా గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు కానీ, ఎక్కువగా ఉండేది గింజలు పట్టుకుని ఉండే తెల్లటి పొరలో. పక్షులకు ఈ గొడవే లేదు. వాటి నరాల్లోనూ ఆ రంధ్రం ఉంది, వేడికి తెరుచుకుంటుంది కూడా, కానీ క్యాప్సైసిన్‌ను పట్టించుకోదు. అందుకే పండు మిరపకాయల్ని చిలుక హాయిగా తినగలదు. అన్నట్టు, రుద్రమదేవి ఈ మంట ఎరగదు. మిరప అమెరికా ఖండాల మొక్క, పోర్చుగీసువాళ్ల ద్వారా మన దేశానికి వచ్చేసరికి కాకతీయుల రాజ్యం పోయి నూట యాభై ఏళ్లు దాటింది. ఓరుగల్లు వంటిళ్లలో అప్పుడు ఘాటుకు మిరియాలే దిక్కు. వాటిలోని పైపరిన్ తట్టేదీ ఈ రంధ్రాన్నే!

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నరంలో ప్రయాణించేది వేడి కాదు, నొప్పి కాదు, వెలుతురు కాదు, చప్పుడు కాదు. ఒక చిన్న కరెంటు అల, అంతే. 1920లలో ఇంగ్లండ్‌లో ఎడ్గార్ ఆడ్రియన్ ఒక్కొక్క నరపు పోగులో పోయే అలలను విడదీసి కొలిచారు. మెల్లగా తాకినా, గట్టిగా నొక్కినా అల పరిమాణం మారలేదు. గట్టిగా నొక్కితే అలలు వెంటవెంటనే వచ్చాయి. ఇది అచ్చం మిస్డ్ కాల్ వ్యవహారం. అందులో మాటలుండవు. ఏ నంబర్ నుంచి వచ్చిందో చూసి మనిషెవరో పోల్చుకుంటాం, వరసగా పది వస్తే ఏదో అర్జెంటు అనుకుంటాం. మెదడు కూడా ఏ పోగు నుంచి, ఎన్నిసార్లు అని మాత్రమే చూస్తుంది. మిరపకాయ వేడి నంబర్ నుంచి కాల్ చేస్తుంది, మెదడు నమ్మేస్తుంది. పుదీనాలోని మెంథాల్ ఇలాగే చల్లదనం నంబర్ వాడుకుంటుంది.

మీరే చూడొచ్చు. చీకటి గదిలో కళ్లు మూసుకుని, రెప్ప మీద బయటి మూల వైపు వేలితో చాలా మెల్లగా అదమండి. ముక్కు వైపున ఒక వెలుగు మచ్చ కనిపిస్తుంది. అక్కడ దీపమేమీ లేదు. కంటి నరం ఏ కారణంతో మేల్కొన్నా, మెదడుకు తెలిసేది వెలుతురే. (మిర్చి ముట్టిన చేత్తో మాత్రం ఈ ప్రయోగం వద్దు!)

కబురు అందాక మెదడు ఆలోచించి చెప్పేదాకా ఆగితే కొన్నిసార్లు ఆలస్యమవుతుంది. సర్వపిండి కాలుతున్న గంజు అంచుకు వేలు తగిలిందనుకోండి. వేలి నుంచి బయలుదేరిన అల చెయ్యి పొడవునా పోయి, మెడ దగ్గర వెన్నుపాములో దిగుతుంది. వెన్నుపాము మెదడును అడగకుండానే చేతి కండరానికి ‘లాగు’ అని చెప్పేస్తుంది. అంతేకాదు, చేతిని చాపే కండరాన్ని అదే క్షణంలో సడలిస్తుంది, లేకపోతే రెండూ చెరోవైపు గుంజుకుంటాయి. ఈ రెండో పనిని వివరంగా చూపించిన చార్లెస్ షెరింగ్టన్, ఆడ్రియన్‌తో కలిసి 1932లో నోబెల్ అందుకున్నారు. పుస్తకాల్లో దీన్ని అసంకల్పిత ప్రతీకార చర్య అంటారు. చెయ్యి వెనక్కి వచ్చాకే మెదడుకు సంగతి తెలుస్తుంది, అప్పుడు ‘అమ్మా!’ అంటాం. అయినా మెదడు మాట చెల్లని చోటు కాదది. చేతిలో ఉన్నది ఇంటిల్లిపాదికీ సరిపడే వేడి పప్పు గిన్నె అయితే, ‘వదలకు’ అని పైనుంచి వెన్నుపామును ఆపుతుంది. అమ్మ పళ్లు బిగబట్టి గిన్నెను కింద పెట్టాకే చేతులు విదిలిస్తుంది.

నరాల వేగం కొలవడం సాధ్యం కాదని ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అనుకున్నారు. 1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరం మీద కొలిచి చూపించారు: సెకనుకు దాదాపు 27 మీటర్లు. అన్ని పోగులూ ఒకే వేగంతో పోవు. చురుక్కుమనే నొప్పిని తెచ్చేవి సెకనుకు 5 నుంచి 30 మీటర్లు పోతాయి. సలిపే నొప్పిని మోసే సన్న పోగులు రెండు మీటర్లు కూడా దాటవు. కాలి బొటనవేలు గడపకు కొట్టుకుంటే ముందు చురుక్కుమని, ఓ క్షణం ఏమీ లేనట్టుండి, తర్వాత అసలు బాధ మొదలయ్యేది అందుకే. కావాలని కొట్టుకుని చూడకండి, ఎలాగూ ఎప్పుడో తగులుతుంది.

ఈ బాధే లేకపోతే ఎంత బాగుండు అనిపిస్తుంది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ కుష్ఠు రోగుల కోసం నెలకొల్పిన ఆసుపత్రి 1915లో మొదలైంది. అక్కడికి వచ్చినవాళ్లలో బాధ తెలియనివాళ్లు ఎందరో. కుష్ఠు క్రిమి చర్మంలోని నరాలను పాడుచేస్తుంది. వేడి గంజు పట్టుకున్నా కబురు పోదు, చెయ్యి వెనక్కి రాదు. వేళ్లను క్రిమి తినేస్తుందని జనం అనుకునేవాళ్లు. నిజానికి తెలియకుండా తగిలిన దెబ్బలు, కాలిన గాయాలు మానక, కుళ్లి వేళ్లు అలా అయ్యేవి. ఇప్పుడు ఆరు నెలల నుంచి ఏడాది మందులతో ఈ జబ్బు నయమవుతుంది, ఆ మందులు సర్కారు దవాఖానాల్లో ఉచితం. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే త్వరగా చూపించుకోవాలి.

ఇక మిర్చి మంటకు మందు. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలో, కొవ్వులో కరుగుతుంది. గ్లాసెడు నీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుంది, పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ అయితే దాన్ని నరాల మీద నుంచి లాక్కుపోతుంది. ‘నీళ్లు వద్దు బిడ్డా, రెండు ముద్దలు పెరుగన్నం తిను’ అనే నానమ్మది సరైన లెక్క. మిర్చి తొడిమలు తీసిన చేతులు మండితే ముందు కొబ్బరినూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి.

అదే నానమ్మ మనం ముట్టలేని పచ్చడిని మామూలుగా తినడానికీ కారణముంది. క్యాప్సైసిన్ పదేపదే తగిలితే నరాల కొసలు మొద్దుబారి, కబుర్లు పంపడం తగ్గిస్తాయి. మెడికల్ షాపుల్లో మోకాళ్ల నొప్పులకు అమ్మే కొన్ని ఆయింట్‌మెంట్లలో ఉండేది ఈ పదార్థమే. మొదట్లో మండుతుంది, రోజూ రాస్తే కొన్నాళ్లకు నొప్పి కబుర్లు తగ్గుతాయి. నానమ్మ మోకాలికి ఆ ట్యూబు రాసింది మీరే అయితే, కళ్లు నలుముకునే ముందు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి.