బడి గ్రౌండు, పీఈటీ సారు, ఊరు: అపోహలు - వాస్తవాలు

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా (పీఈటీ) పనిచేస్తున్నాను. బడికి ఏదైనా చేద్దామనే మనసున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే ఆ సాయం చాలాసార్లు పిల్ల గెలిచి వచ్చాక శాలువా రూపంలో వస్తుంది. ఆ పిల్ల ఉదయం ఆరింటికి ఖాళీ కడుపుతో గ్రౌండుకు వచ్చిన రోజుల్లో రాదు. ఎందుకిలా జరుగుతోందని ఆలోచిస్తే, ఊళ్లో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు కనిపించాయి. ఒక్కొక్కటిగా చెబుతాను.

అపోహ: ప్రభుత్వం నిధులిస్తోంది కదా, ఇక ఊరితో పనేముంది?

ఇస్తోంది, నిజమే. సమగ్ర శిక్ష పథకం కింద ఆట సామగ్రికి ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5 వేలు, ప్రాథమికోన్నత పాఠశాలకు 10 వేలు, ఉన్నత పాఠశాలకు 25 వేల రూపాయల వరకు కేటాయింపు ఉంది. నాలుగు వందల మంది చదివే హైస్కూలుకు లెక్కేయండి. తలకు ఏడాదికి 62 రూపాయల చిల్లర. బంతులు, నెట్లు, స్కిప్పింగ్ తాళ్లు, షార్ట్‌పుట్, డిస్కస్, రిలే బ్యాటన్లు అన్నీ అందులోనే రావాలి. రాళ్లు తేలిన మట్టి గ్రౌండులో వాలీబాల్ ఎన్నాళ్లు ఆగుతుందో ఆడినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

పైగా అది సామగ్రి కోసం ఇచ్చే డబ్బు. మండల పోటీలకు పిల్లల్ని తీసుకెళ్లే ఆటో కిరాయి, అక్కడ మధ్యాహ్నం భోజనం, మంచినీళ్ల క్యాన్లు, జోనల్ సెలక్షన్స్‌కు వెళ్లే నలుగురి బస్సు చార్జీలు చాలాచోట్ల టీచర్ల జేబులోంచే పోతాయి. చేస్తున్నామని ఎవరూ చెప్పుకోరు కాబట్టి ఊరికి తెలియదు. అందుకే నన్నడిగితే, ఊరు మొట్టమొదట చేయగలిగిన సాయం ప్రయాణాలది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పోటీలుంటాయి. ఊళ్లో ఆటో నడిపేవాళ్లు ఇద్దరు "ఆ నాలుగు రోజులూ మాది" అంటే చాలు, ఏ పిల్లను తీసుకెళ్లాలి, ఎవర్ని వదిలేయాలి అని లెక్కలేసుకునే బాధ మాకు తప్పుతుంది.

ఊరికి ఇందులో చట్టబద్ధమైన చోటు కూడా ఉంది. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీయే. ప్రహరీ, పెయింటింగ్, మరుగుదొడ్లు ఆ ప్రణాళికలో ఉంటాయి. ఆటస్థలం గురించి ఒక్క లైను కూడా ఉండదు. రాయమని అడిగే హక్కు మీది.

అపోహ: సాయంత్రమైతే గ్రౌండు ఊరి ఖాళీ జాగాయే

దీని దగ్గర కాసేపు ఆగాలి. మా పనికి ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది.

కోతలైతే వడ్లు ఎండబోస్తారు, సీజనులో మిరపకాయలు పోస్తారు. పెళ్లిళ్లకు పందిళ్లు, ఎన్నికలప్పుడు సభలు సరేసరి. రాత్రుళ్లు ప్రహరీ పక్కన సీసాలు. రైతు కష్టం నాకు తెలుసు, కళ్లం లేనివాళ్లు ఎక్కడ ఆరబోసుకుంటారు? కానీ పందిరి గుంజ పీకాక ఆ గుంత పూడ్చకపోతే, మర్నాడు ఖోఖో ఆడే పిల్ల కాలు అందులో పడి మడమ బెణుకుతుంది. పగిలిన గాజుపెంకులు వానకు మట్టిలో కూరుకుపోయి, నెలల తర్వాత పైకి తేలతాయి. మా పిల్లల్లో సగం మంది వట్టికాళ్లతో పరుగెడతారు. ప్రాక్టీసుకు ముందు వరసగా నిలబడి గ్రౌండంతా పెంకులు ఏరడం మా వార్మప్‌లో భాగమైపోయింది. అలా ఉండకూడదు.

స్థలం పోతే మళ్లీ రాదు. ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాలల ఆవరణల్లో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టొద్దని హైకోర్టు 2020లో ఆదేశించింది. ఆ ఆదేశం అమలు కాలేదని 2022 మార్చిలో ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులను కోర్టు ధిక్కారం కింద తప్పుబట్టింది. జైలు శిక్ష విధించి, వాళ్లు క్షమాపణ కోరాక దాన్ని సంక్షేమ హాస్టళ్లలో సేవగా మార్చింది. బడి స్థలాన్ని న్యాయస్థానం ఎంత గట్టిగా పట్టించుకుందో చూడండి. అంత పట్టింపు గ్రామసభకూ ఉండాలి.

"మాకున్నదే అరెకరం, ఏం ఆడతారు మేడం?" అంటారు కొందరు. ఖోఖో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. వాలీబాల్ కోర్టు 18కి 9. కబడ్డీ 13కి 10, బాలికలకు ఇంకా చిన్నది. చుట్టూ వదలాల్సిన జాగాతో కలిపినా ఈ మూడూ అరెకరంలో పడతాయి. 400 మీటర్ల ట్రాక్‌కు నాలుగెకరాలు కావాలి గానీ, పరుగు నేర్పడానికి ట్రాకే అక్కర్లేదు. చదునైన నేల కావాలి. వానాకాలం వెళ్లాక ట్రాక్టరు ఉన్న ఒక రైతు ఒక పూట బ్లేడు వేసి చదును చేసిస్తే, అది మాకు ఏడాది పొడవునా పనికొస్తుంది.

అపోహ: పీఈటీ సారుకు విజిల్ ఊదడం తప్ప పనేముంది?

ప్రార్థన దగ్గర మొదలవుతుంది మా రోజు. క్రమశిక్షణ, మధ్యాహ్న భోజనం వరస, ఎవరైనా టీచరు రాకపోతే ఆ క్లాసు, ఆగస్టు 15 పరేడు, వీటి మధ్యలో ఆటల పీరియడ్లు. బడి వదిలాక ప్రాక్టీసు. పోటీల కాలం వస్తే కాగితాల పని వేరే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, 17, 19 విభాగాల్లో జరుగుతాయి. ప్రతి పిల్లకూ పుట్టినతేదీ రుజువు, స్టడీ సర్టిఫికెట్, ఫొటో, హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడు) సంతకంతో ఎంట్రీ ఫారం నింపాలి. ఆధార్‌లో ఒక తేదీ, బడి రిజిస్టర్‌లో ఇంకో తేదీ ఉన్న పిల్లను పోటీ రోజున వెనక్కి పంపాల్సివస్తే ఆ ఏడుపు చూడలేం. తల్లిదండ్రులు జూన్‌లోనే ఆ తేదీలు సరిచూసుకుంటే, అదీ పెద్ద సాయమే.

ఇంకో సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితేనే వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడి మాట వస్తుంది. అంతకంటే చిన్న బడుల్లో, ప్రాథమిక పాఠశాలల్లో ఆటలు నేర్పే మనిషే ఉండడు. పరుగెత్తడం, దూకడం, బంతి పట్టడం అలవడే వయసు సరిగ్గా అదే. ఒకప్పుడు జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడి, ఇప్పుడు ఎరువుల దుకాణం పెట్టుకున్నవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు వాళ్లు వస్తే ఆ బడి తీరే మారుతుంది. కేంద్రం 2021లో తెచ్చిన విద్యాంజలి 2.0 పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని, హెచ్ఎం అనుమతితో రావచ్చు. చొరవగా నేరుగా పిల్లల దగ్గరికి వచ్చేయకండి. టీచరు ఎదుట, టీచరుకు తెలిసి నేర్పండి.

అపోహ: పదో తరగతిలో ఆటలాడితే మార్కులు పోతాయి

డిసెంబరు దాటితే ఆటల పీరియడ్ లెక్కల సారుకు వెళ్లిపోవడం మామూలైపోయింది. ఫలితాల ఒత్తిడి ఆయన మీద ఎంత ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆధారాలు ఆ నిర్ణయాన్ని సమర్థించవు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2010లో 50 అధ్యయనాలను పరిశీలించింది. బడిలో శారీరక శ్రమకూ చదువుకూ ఉన్న సంబంధాల్లో సగం మేలు చూపాయి, మిగతావాటిలో దాదాపు అన్నీ ఏ తేడా చూపలేదు. కీడు కనిపించినవి నూటికి రెండు కూడా లేవు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పదో తరగతి పిల్ల ఉదయం స్పెషల్ క్లాసు నుంచి సాయంత్రం స్టడీ అవర్ దాకా బల్ల మీదే ఉంటుంది. తల్లిదండ్రులు కమిటీ సమావేశంలో "ఆ పీరియడ్ వాళ్లకు ఉంచండి సార్" అని ఒక్క మాట అంటే, అది నేను పదిసార్లు అన్నదానికంటే బాగా పనిచేస్తుంది.

అపోహ: ఆడపిల్ల పెద్దదయ్యాక ఇంకా గ్రౌండెందుకు?

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు. పోర్టు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయులు ఆ పిల్ల ఎత్తు, నడక చూసి హర్డిల్స్ వైపు నడిపించారు. 2023లో, మళ్లీ 2025లో ఆసియా చాంపియన్ అయింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజి మేధోపరమైన వైకల్యంతో పుట్టింది, ఊళ్లో మాటలు పడింది. ఆమె పరుగును ముందుగా గుర్తించింది బడి పీఈటీ సారే. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం గెలిచింది.

ఈ పేర్లు చెబితే అందరూ చప్పట్లు కొడతారు. నా అనుభవంలో ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో గ్రౌండు వదిలేసే అమ్మాయిలు మానేసేది ఆట మీద ఇష్టం పోయి కాదు. కారణాలు చాలా చిన్నవి, చెప్పుకోవడానికి సిగ్గుపడేవి. యూనిఫాం మీద వేసుకోవడానికి ట్రాక్ ప్యాంటు లేకపోవడం. నెలసరి రోజుల్లో నీళ్లున్న బాత్రూం లేకపోవడం. ప్రాక్టీసు అయ్యేసరికి చీకటి పడటం, ఇంటిదారిలో వీధి దీపం వెలగకపోవడం. గోడ మీద కూర్చుని వ్యాఖ్యలు చేసే కుర్రాళ్లు. వీటిలో ఏదీ నేను ఒక్కదాన్నే తీర్చలేను, అన్నీ ఊరు తీర్చగలదు. దీపం పంచాయతీ చేతిలో ఉంది. కుర్రాళ్లకు చెప్పాల్సింది వాళ్ల ఇళ్లలోనే. సాయంత్రం ఇద్దరు అమ్మలు వంతులేసుకుని గ్రౌండు గట్టు మీద కూర్చుంటే చాలు, అమ్మాయిల సంఖ్య పెరగడం నేను కళ్లారా చూశాను.

తిండి మాట కూడా ఇక్కడే చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండు వందల మీటర్లకే ఆయాసపడి కూర్చున్న పిల్లను "బద్ధకం" అనేముందు ఆ అంకె గుర్తుంచుకోవాలి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర మింగిందా లేదా ఇంట్లో అడగండి. క్రీడాకారులకు ప్రొటీన్ పొడి డబ్బాలు కావాలనుకుని కొందరు కొనిస్తుంటారు. అవేమీ వద్దు. ఉదయం ప్రాక్టీసుకు వచ్చే ముప్పై మందికి ఉడకబెట్టిన శనగలు, వేరుశనగ గుళ్లు, బెల్లం, అరటిపండు ఇవ్వండి. కిరాణా కొట్టు ఆయన శనగలు, పొదుపు సంఘం వాళ్లు ఉడకబెట్టడం అని పంచుకుంటే ఎవరికీ బరువు కాదు.

అపోహ: దెబ్బ తగిలితే సారుదే తప్పు

అజాగ్రత్త ఉంటే నిలదీయండి, నేనూ మీ పక్కనే ఉంటాను. కానీ ఆటలో మోకాలు దోక్కుపోవడం, వేలు బెణకడం మామూలు. ఒక్కసారి తల్లిదండ్రులు గుంపుగా వచ్చి కేకలేస్తే, ఆ తర్వాత ఆ బడిలో గ్రౌండు గేటుకు తాళం పడుతుంది. అలా తాళం పడిన బడులు నాకు తెలుసు. ఏడాది మొదట్లోనే ఆర్‌ఎంపీనో, ఏఎన్ఎంనో పిలిచి ప్రథమ చికిత్స పెట్టె నింపించండి, ఐసు ఏ కొట్టులో దొరుకుతుందో రాసిపెట్టండి. బడి పంపే అంగీకార పత్రం చదివి సంతకం చేయండి. పిల్లకు ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు లాంటివుంటే దాచకుండా చెప్పండి.

అపోహ: మంచి దాత అంటే టీషర్టులు, కప్పులు ఇచ్చేవాడు

విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు, ముఖ్యంగా సంక్రాంతికి వచ్చేవాళ్లు, ప్రేమగా తెచ్చేవి ఇవే. జట్టుకు పన్నెండు టీషర్టులు, మీద దాత పేరు. మిగతా మూడు వందల ఎనభై ఎనిమిది మంది గట్టు మీద నిలబడి చూస్తారు. నేను అడిగేది తరగతుల మధ్య పోటీలకు సాయం. ప్రతి పిల్లా ఏదో ఒక జట్టులో ఆడే పోటీలు అవి. వాటికి కావాల్సినవి నాలుగైదు అదనపు బంతులు, గాలి పంపు, సూదులు, సున్నం బస్తాలు, రంగు గుడ్డ పట్టీలు. బూట్లు ఇవ్వాలనుకుంటే కొలతలు తీసుకుని, పిల్లల కాళ్లు ఏడాదిలో పెరిగిపోతాయని గుర్తుంచుకుని, బడి పేరుతో ఒక నిల్వలా పెట్టండి. పొట్టివైనవి తర్వాతి పిల్లలకు వెళ్తాయి.

డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకండి, నా చేతికి కూడా. కమిటీ ఖాతాలో వేసి రసీదు తీసుకోండి. వస్తువైతే స్టాక్ రిజిస్టర్‌లో రాయించండి. అది టీచరు మీద అనుమానం కాదు, టీచరుకు రక్షణ. రాసి ఉంటే రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు.

అపోహ: ఒక సర్టిఫికెట్ వస్తే సీటు వచ్చినట్టే

ఇంజనీరింగ్ ప్రవేశాల్లో క్రీడా కోటా అర శాతం. ప్రతి సర్టిఫికెట్టూ చెల్లదు, ఏ ఆట, ఏ స్థాయి అన్నది చూస్తారు. సీటు కోసమే ఆడించి, ఏడాదిలో ఫలితం రాలేదని మాన్పించేస్తున్నారు. దానికోసం వయసు తగ్గేలా పుట్టినతేదీ మార్చి రాయమని అడిగేవాళ్లూ ఉన్నారు. అది మోసం, పట్టుబడితే పోయేది పిల్ల భవిష్యత్తు. దయచేసి ఏ టీచరునూ అలా అడగకండి.

సాయం చేయదలచినవాళ్లు జూన్‌లో బడి తెరిచిన వారంలో వచ్చి హెచ్ఎంను, పీఈటీని కలవండి. ఆ ఏడాది ఏం కావాలో జాబితా అడగండి. మా బడి జాబితాలో ఈసారి మొదటిది లాంగ్‌జంప్ గుంతకు రెండు ట్రక్కుల ఇసుక, రెండోది బాలికల బాత్రూంకు నీళ్ల పైపు, మూడోది మండల పోటీల రోజుకు ఆటోలు.