ప్లాస్టర్ పలక పోసే ముందు

పిల్లలూ,

కుండల మట్టి పిసకడానికి ప్లాస్టర్ పలక మీరే పోసుకుంటామని రాశారు. చాలా సంతోషం. జారుగా ఉన్న మట్టిని దాని మీద పరిచి కాసేపు వదిలితే తడి లాగేసుకుంటుంది. రాయిలాంటి పలక నీళ్లెలా తాగుతుందో తెలిస్తే, కొలతల గురించి నేనెందుకింత పట్టుబడతానో అర్థమవుతుంది.

జిప్సం అనే ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల వేడిలో కాల్చితే అందులోని నీరు ముప్పావు వంతు పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వస్తుంది. నీళ్లు కలిపితే మళ్లీ జిప్సంగా గడ్డకడుతుంది. అందుకు 100 గ్రాముల పొడికి 19 గ్రాముల లోపు నీళ్లే చాలు. మనం మాత్రం 70 పోస్తాం. మిగిలిన నీరు ఆరిపోయిన చోట కంటికి కనపడని ఖాళీలు ఏర్పడతాయి. తడిని పీల్చేది అవే. నీళ్లు తగ్గితే పలక సరిగా పీల్చదు, ఎక్కువైతే పెళుసుగా తయారవుతుంది. అందుకే కంటి అంచనా వద్దు, తూచండి. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 5 మందం ఉన్న పలకకు 4 లీటర్ల నీళ్లు, 5.7 కిలోల పొడి సరిపోతాయి.

చెక్క ఫ్రేమ్ సందులు మట్టితో మూసి, లోపల సబ్బు రాయండి. మాస్క్ పెట్టుకోండి. బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాతే పొడి. గుప్పెడు గుప్పెడు జల్లండి. పైన తేలే తెల్లటి దిబ్బలు అంచుల నుంచి తడిసి, రంగు మారి, మెల్లగా మునుగుతాయి. అవన్నీ మునిగాక రెండు నిమిషాలు ఆగండి. ఈ ఆగడం దగ్గరే అందరికీ తొందర! ఆగకపోతే ఉండలు కడుతుంది. తర్వాత గరిటెను పైకి తేకుండా అడుగునే తిప్పితే గాలి బుడగలు చేరవు. గరిటెతో గీసిన గీత క్షణం నిలిచిందంటే పోసేయండి. బల్లను నాలుగైదు సార్లు తడితే లోపలి బుడగలు పైకొస్తాయి.

గడ్డకట్టేటప్పుడు ప్లాస్టర్ బాగా వేడెక్కుతుంది. అందులో చెయ్యి పెడితే తీవ్రంగా కాలుతుంది, సరదాకి కూడా పెట్టొద్దు. మిగిలింది సింక్‌లో పోయకండి, పైపు పూడిపోతుంది.

పలకను చాలా రోజులు గాలికి ఆరనివ్వండి. పొయ్యి పక్కన పెడితే పొడిపొడిగా రాలుతుంది. అంచులు గుండ్రంగా అరగదీయండి, ఇనుప పరికరంతో మాత్రం ఎప్పుడూ గీకొద్దు. చిన్న పెచ్చు మట్టిలో కలిసినా, కాల్చిన తర్వాత గాలిలోని తేమకు ఉబ్బి కుండ పైపొరను ఊడగొడుతుంది.

మీ తాతయ్య