మందు లేని చుక్కలో ఏముంది?

మెహదీపట్నం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా మూడేళ్ల బాబుకు రెప్పల అంచులు ఎర్రబడి, పొద్దున లేచేసరికి పుసి కట్టి కళ్లు అతుక్కుపోతున్నాయి. డాక్టరుగారు స్టెరాయిడూ యాంటీబయాటిక్కూ కలిసిన చుక్కల మందు రాశారు. ఇటువంటివి అసలు చిన్నపిల్లల మీద పరీక్షించి చూశారా?" చూశారు. ఆ పరీక్షల ఫలితమే నన్ను ఈ వ్యాసం రాయడానికి పురికొల్పింది.

లోటెప్రెడ్నాల్ అనే స్టెరాయిడ్ 0.5 శాతం, టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ 0.3 శాతం కలిపి తయారుచేసిన చుక్కల మందుకు అమెరికాలో 2004లో అనుమతి లభించింది. ఆ తరువాత పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల వయసు వరకు ఉన్న పిల్లలలో దానిని రెండు విధాలుగా పరీక్షించారు. రెప్పల వాపు ఉన్న పిల్లలలో జరిగిన మొదటి పరీక్షలో కొందరికి మందు చుక్కలను, కొందరికి మందు తప్ప మిగిలినవన్నీ ఉన్న చుక్కలను 14 రోజుల పాటు ఇచ్చి, ఇరువర్గాల వారికీ రెప్పలపై గోరువెచ్చని కాపడం పెట్టించారు. రెండు వర్గాలలోనూ ఎక్కువమందికి వాపు తగ్గింది. మందు చుక్కలు మాత్రం ఉత్త చుక్కల కన్నా మెరుగని తేలలేదు. రెప్పలతో పాటు కంటి తెల్లగుడ్డును కప్పే పలుచని పొర కూడా వాచిన పిల్లలలో రెండో పరీక్ష జరిగింది. అందులో ఈ మిశ్రమాన్ని ఉత్త చుక్కలతోనే కాక, విడివిడిగా స్టెరాయిడ్‌తోనూ యాంటీబయాటిక్‌తోనూ పోల్చారు. పదిహేనో రోజున నాలుగు వర్గాల మధ్యా తేడా కనిపించలేదు. ఈ సంగతి ఆ మందు లేబుల్ మీదే అచ్చయి ఉంది.

దీనిని చదివి "మందు వట్టిది" అని కొట్టిపారేయడం తొందరపాటు. మొదటి పరీక్షలో రెండు వర్గాలకూ ఉమ్మడిగా అందినది ఒకటున్నది, అది కాపడం. దానిని అర్థం చేసుకోవాలంటే వంటింట్లోని నెయ్యి గిన్నె దగ్గరకు వెళ్లాలి.

నేను చదువుకున్న పాఠాలలో కంటి బొమ్మ గీయించినప్పుడు రెప్పను ఉత్త మూతలాగే గీయించారు. నిజానికి పై రెప్పలో సుమారు 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 నూనె గ్రంథులు నిలువుగా వరుస కట్టి ఉంటాయి. 1666లో వాటిని వివరంగా వర్ణించిన జర్మన్ వైద్యుడు హైన్రిష్ మైబోమ్ పేరు మీదనే వాటిని మైబోమియన్ గ్రంథులు అంటారు. అవి స్రవించే నూనె కన్నీటి మీద పలుచని పొరగా పరుచుకుని తడి ఆరిపోకుండా కాపాడుతుంది. ఈ నూనె అనేక రకాల కొవ్వుల మిశ్రమం కాబట్టి, మంచులాగా ఒకే ఉష్ణోగ్రత వద్ద కరగదు. రెప్ప వేడికి కొంత కరిగి, కొంత మెత్తబడి ఉంటుంది. మన నెయ్యి స్వభావమూ అంతే. మే నెలలో హైదరాబాదులో గిన్నెలో నీళ్లలా కదిలే నెయ్యి, డిసెంబరు ఉదయానికి పూస కట్టి చెంచాకు ఎదురు తిరుగుతుంది. రెప్ప జబ్బు పడినప్పుడు నూనె కూర్పు మారి, కరగవలసిన ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. రెప్ప వేడి అంతే ఉన్నా, నూనెకు మాత్రం డిసెంబరు వచ్చినట్లే. గ్రంథి నోటి వద్ద అది గడ్డకడుతుంది. రెప్ప అంచున స్థిరపడిన బాక్టీరియా తమ ఎంజైములతో ఆ కొవ్వులను విరిచి, మంట పుట్టించే కొవ్వు ఆమ్లాలను వదులుతుంది.

గడ్డకట్టిన నేతిలో వేడి గరిటె గుచ్చితే గరిటె చుట్టూ మాత్రమే కరుగుతుంది, తీయగానే మళ్లీ బిగుస్తుంది. గిన్నెనే వేడినీళ్లలో కాసేపు ఉంచితే అంతా కరుగుతుంది. కాపడం గుడ్డ విషయమూ ఇదే: రెండు మూడు నిమిషాలలో చల్లారిపోయే గుడ్డను మళ్లీ మళ్లీ ముంచి పిండుతూ ఐదు నిమిషాలైనా వేడి నిలపాలి, పెట్టే ముందు వేడిని తల్లి తన మణికట్టు లోపలి వైపున చూసుకోవాలి. కరిగిన నెయ్యి కూడా గిన్నె వంచితేనే పారుతుంది గనుక, తరువాత పై రెప్పను కిందికీ కింది రెప్పను పైకీ మెల్లగా నిమిరి, వెంట్రుకల మొదళ్ల వద్ద చేరిన పొట్టును తడిగుడ్డతో తుడవాలి. కంటికురుపు లేస్తే అరచేతిలో వేలిని రుద్ది, వేడెక్కిన వేలిని దాని మీద ఆనించే మన ఇళ్లలోని అలవాటు నాకు మూఢనమ్మకంగా తోచదు. సూత్రం సరైనదే, కాకపోతే ఆ వేడి చాలదు, చేయి శుభ్రంగా ఉండదు. పసివాళ్ల రెప్పల అంచులకు కాటుక దిద్దడం మాత్రం ఆ నూనె నోళ్లకు అడ్డం పెట్టడమే.

ఇక ఉత్త చుక్కలలోనూ గ్లిజరిన్ ఉంటుంది, సబ్బులాగా జిడ్డును విడదీసే టైలోక్సపాల్ ఉంటుంది, క్రిములను ఆపే బెంజాల్కోనియం క్లోరైడ్ 0.01 శాతం ఉంటుంది. కంట్లో మామూలుగా నిలిచే కన్నీరు 7 మైక్రోలీటర్లయితే, సీసా నుంచి పడే ఒక్క చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్లు. అది వరదలా వచ్చి కంటిని కడిగి, బుగ్గ మీదికో ముక్కులోకో పోతుంది. పైగా ఈ వాపు హెచ్చుతూ తగ్గుతూ ఉండేది. బాగా హెచ్చిన రోజునే పిల్లవాడిని తీసుకువస్తారు కాబట్టి, కొలత అక్కడ మొదలుపెడితే తరువాతి కొలత చాలాసార్లు దానికదే దిగివస్తుంది. ఇన్నింటి మీద మందు అదనంగా ఏమి చేసిందన్నదే అక్కడ అడిగిన ప్రశ్న.

కనుక అమ్మా, డాక్టరుగారు రాసిన మందును మీ అంతట మీరు మానకండి, గడువు దాటి కొనసాగించనూ వద్దు. లోటెప్రెడ్నాల్‌ను పని ముగిశాక కంటిలోని ఎంజైములే నిర్వీర్యం చేసేటట్లు రూపొందించినా, స్టెరాయిడ్ స్టెరాయిడే. కొందరిలో, ముఖ్యంగా పిల్లలలో, కంటి లోపలి ఒత్తిడిని పెంచవచ్చు. పది రోజులు గానీ అంతకు మించి గానీ వాడితే ఒత్తిడిని కొలుస్తూ ఉండాలని ఆ లేబులే చెబుతూ, పిల్లలలో అది కష్టమే కావచ్చునని కూడా ఒప్పుకుంటుంది. కంటికి మత్తుచుక్క వేయకుండానే, చిన్న మొన క్షణకాలం తాకి వెనక్కి వచ్చే చేతి పరికరంతో ఇప్పుడు దానిని కొలవవచ్చు; మీ బాబు మీ ఒడిలో కూర్చుని ఉండగానే ఆ పని అయిపోతుందేమో డాక్టరుగారిని అడిగి చూడండి.