అపోహలు - వాస్తవాలు: మన బయ్యర్ ఏ బ్రౌజర్‌లో చూస్తున్నాడు?

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అమ్మేవాళ్ళకీ, నెల్లూరు రొయ్యలు ఎగుమతి చేసేవాళ్ళకీ వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్ళ కోసం ఇది. సైట్ తయారయ్యేది ఒంగోల్లో, తెరిచి చూసేది చైనాలోని షియామెన్‌లోనో ఇటలీలోని వెరోనాలోనో.

అపోహ: ప్రపంచమంతా క్రోమే.

వాస్తవం: సగటు తీస్తే మూడింట రెండొంతులు క్రోమే. కానీ మన బయ్యర్‌ది ఏ దేశమో చూడాలి. అమెరికా, జపాన్‌లలో ఐఫోన్లు ఎక్కువ, కాబట్టి ఫోన్లో సఫారీ. జర్మనీలో కంప్యూటర్ల మీద ఫైర్‌ఫాక్స్ ఇంకా గట్టిగానే ఉంది. రష్యాలో 2012లో వచ్చిన యాండెక్స్ బ్రౌజర్, వియత్నాంలో అక్కడి సొంత బ్రౌజర్ కాక్ కాక్. మన దగ్గర కూడా 2020 జూన్‌లో నిషేధించేదాకా యూసీ బ్రౌజర్ ఎన్ని ఫోన్లలో ఉండేదో గుర్తుందిగా. ఇష్టాయిష్టాల పాత్ర ఇందులో తక్కువే. ఫోన్‌తో పాటు ఏది వచ్చింది, డేటా ఎంత ఖరీదు, సర్కారు దేన్ని ఆపింది అన్నవే తేలుస్తాయి.

అపోహ: కొరియావాళ్ళకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అంటే మోజు ఉండేది.

వాస్తవం: మోజు కాదు, బలవంతం. అక్కడి బ్యాంకు సైట్లు ఏళ్ళ తరబడి యాక్టివ్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ అదనపు ప్రోగ్రాం మీద నడిచాయి. అది ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప ఆడేది కాదు.

అపోహ: ఐఫోన్‌లో క్రోమ్ వేసి చూశాం, సైట్ బాగానే ఉంది. ఇక ఆండ్రాయిడ్‌లో చూడక్కర్లేదు.

వాస్తవం: ఐఫోన్‌లో క్రోమ్ పేరుకే క్రోమ్, లోపల నడిచేది సఫారీ ఇంజను వెబ్‌కిట్టే. యాపిల్ నిబంధన అది. ఐరోపా యూనియన్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17.4తో 2024 మార్చిలో సడలించారు. ఆండ్రాయిడ్ క్రోమ్‌ది వేరే ఇంజను, అందుకే రెండు ఫోన్లూ పట్టుకుని చూడాల్సిందే. ఐఫోన్‌లో తరచుగా దెబ్బతినేవి ఇవీ: ఎంక్వయిరీ ఫారంలో అక్షరం 16 పిక్సెళ్ళ కంటే చిన్నదైతే, వేలు పెట్టగానే పేజీ దానంతటదే జూమ్ అవుతుంది. స్లాబ్ ఫొటోకు ఎత్తు 100 వీహెచ్ (తెర ఎత్తంతా అని) ఇస్తే అడుగున ఉన్న "కోట్ అడగండి" బటన్ బ్రౌజర్ పట్టీ కింద దాక్కుంటుంది. 100 డీవీహెచ్ (పట్టీ పోను కనిపించే ఎత్తు) ఇవ్వండి, పాత ఫోన్ల కోసం దాని పై వరుసలో వీహెచ్ కూడా ఉంచండి. తేదీకీ సమయానికీ మధ్య ఖాళీ వదిలి జావాస్క్రిప్ట్‌కు ఇస్తే పాత సఫారీ దాన్ని తేదీగానే ఒప్పుకోదు. ఖాళీ చోట ఇంగ్లిష్ టీ అక్షరం పెట్టాలి.

అపోహ: చైనాలో గూగుల్ లేదు కాబట్టి క్రోమ్ కూడా ఉండదు.

వాస్తవం: ఆగిపోయినవి గూగుల్ సేవలు. క్రోమ్‌ను అక్కడ కంప్యూటర్లలో బాగానే వాడతారు, 360, క్యూక్యూ బ్రౌజర్లతో పాటు. మన సైట్‌కు దెబ్బ వేరేచోట తగులుతుంది. యూట్యూబ్‌లో పెట్టిన క్వారీ వీడియో ఆడదు, గూగుల్ మ్యాప్ చోటు తెల్లగా ఉండిపోతుంది, చూసేది మనిషా యంత్రమా అని పరీక్షించే క్యాప్చా రాక ఫారం వెళ్ళదు. అన్నిటికంటే చిరాకు పెట్టేది ఈ చివరిదే, బయ్యర్ అడిగిన ధర మనదాకా రాదు. వీడియోను ఎంపీ4గా సొంత సర్వర్లో పెట్టండి, ఫాంట్లూ అక్కడే. మ్యాప్ బదులు బొమ్మ, చిరునామా చాలు. క్యాప్చా స్క్రిప్టును గూగుల్ డాట్ కామ్ బదులు రీక్యాప్చా డాట్ నెట్ నుంచి తెప్పించండి.

అపోహ: సైట్‌కు ఎవరొచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లో చైనా సున్నా, అంటే అక్కడ ఎవరూ చూడట్లేదు.

వాస్తవం: ఆ లెక్క తీసేదీ గూగుల్ స్క్రిప్టే. అది లోడ్ కాకపోతే మనిషి లెక్కలోకి రాడు, యాడ్ బ్లాకర్ పెట్టుకున్న జర్మన్ బయ్యరూ అంతే. వచ్చిన ప్రతి రాకనూ సర్వరే రాసిపెట్టుకునే యాక్సెస్ లాగ్ తెరవండి. అక్కడా బ్రేవ్ అనే బ్రౌజర్ తనను క్రోమ్ అనే చెప్పుకుంటుంది, ఐప్యాడ్ 2019 నుంచి మ్యాక్ అని చెప్పుకుంటోంది. ఆ మాత్రం తేడా వదిలేసినా దేశాలవారీ బొమ్మ సరిగ్గానే తెలుస్తుంది.