పాడుబడ్డ ఓడలో నిజంగా భయపెట్టేది ఏమిటి? అపోహలు - వాస్తవాలు

1999లో ‘వైరస్’ అని ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. తుపానులో దెబ్బతిన్న ఒక టగ్ బోటు (వేరే ఓడలను లాగే చిన్న ఓడ) తుపాను కన్నులోకి, అంటే దాని నడిమధ్యకి చేరుకుంటుంది. అక్కడ ఒక పెద్ద రష్యన్ పరిశోధన నౌక దీపం లేకుండా, మనిషి జాడ లేకుండా తేలుతూ ఉంటుంది. మీర్ అంతరిక్ష కేంద్రం మీదుగా దిగివచ్చిన ఏదో విద్యుత్ జీవం దాని తీగల్లో, కంప్యూటర్లలో తిష్ఠ వేసి ఉంటుంది. టగ్ మనుషులు కరెంటు వేయగానే అది మేలుకుంటుంది. అక్కడి నుంచి యంత్రాల ముక్కలు, మనుషుల శరీరాలు కలిపి భయంకరమైన ఆకారాలను తయారుచేస్తుంది.

నేను మెరైన్ ఇంజినీరుని. విశాఖలో పుట్టాను, ఇరవై ఏళ్లుగా సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో పని చేస్తున్నాను. మొన్న సెలవుకి వచ్చినప్పుడు మా అబ్బాయి, వాడి స్నేహితులు ఈ సినిమా చూసి నన్ను రాత్రి పన్నెండు దాకా ప్రశ్నలు అడిగారు. వాళ్లలో ఇద్దరు మర్చంట్ నేవీలో చేరాలనుకుంటున్నారు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ సినిమాలో యంత్రాలు కదిలితే భయం. మా బతుకులో అవి ఆగిపోతే భయం. ఓడలో నిద్రపోతున్నా జనరేటర్ చప్పుడు చెవిలో ఉంటూనే ఉంటుంది. అది ఆగిందంటే ఇంజినీర్లందరికీ ఒకేసారి మెలకువ వచ్చేస్తుంది. కరెంటు, ఇంజిను ఏదీ లేని ఓడని మేం ‘డెడ్ షిప్’ అంటాం.

అపోహ: స్విచ్ వేస్తే చాలు, ఆగిపోయిన ఓడ లేచి కూర్చుంటుంది.

వాస్తవం: నడిసముద్రంలో కరెంటు మనకెవరూ ఇవ్వరు, మనమే పుట్టించుకోవాలి. పెద్ద ఇంజిన్లు స్టార్ట్ అయ్యేది గాలితో. సుమారు 30 బార్ల ఒత్తిడితో (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు ముప్పై రెట్లు) ఉక్కు సీసాల్లో ఆ గాలిని నింపి పెట్టుకుంటాం. గాలి నింపాలంటే కంప్రెసర్ తిరగాలి. దానికి కరెంటు కావాలి. కరెంటుకి జనరేటర్ కావాలి. జనరేటర్ తిరగాలంటే మళ్లీ ఆ గాలే కావాలి. ఈ ముడి విప్పడానికి పనికొచ్చేది, మామూలుగా బ్యాటరీతో స్టార్ట్ అయ్యే ఎమర్జెన్సీ జనరేటర్. అది ఇంజిన్ రూములో ఉండదు. కింద నిప్పు అంటుకున్నా, నీళ్లు నిండినా పనిచేయాలి కాబట్టి పైన డెక్ మీద విడిగా ఒక గదిలో ఉంటుంది. మెయిన్ కరెంటు పోయిన 45 సెకన్లలోపు అది అందుకోవాలని సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందం నిబంధన. సరుకు ఓడలో 18 గంటలు, ప్రయాణికుల ఓడలో 36 గంటలు అత్యవసర కరెంటు ఇవ్వగలగాలి. బ్లాకౌట్ అయిన అరగంటలో ఓడను మళ్లీ నడిపించే ఏర్పాటు ఉండాలి.

ఇదంతా రోజూ చూసుకునే మనుషులున్న ఓడ సంగతి. నెలల తరబడి వదిలేసిన ఓడలో బ్యాటరీలు చచ్చిపోయి ఉంటాయి. సీసాల్లో గాలి వాల్వుల సందుల్లోంచి ఎప్పుడో జారిపోయి ఉంటుంది. హెవీ ఫ్యూయల్ అనే ఓడ ఇంధనం చల్లారితే తారులా చిక్కబడుతుంది, ఇంజిన్‌కి పంపాలంటే 100 డిగ్రీలు దాటించి వేడి చేయాలి. మోటార్లకు, కేబుళ్లకు చెమ్మ పట్టి ఉంటుంది. మెగ్గర్ అనే మీటర్ పెట్టి తీగల ఇన్సులేషన్ బాగుందో లేదో చూడకుండా బ్రేకర్ వేస్తే మోటారు కాలిపోతుంది.

థర్డ్ ఇంజినీరుగా ఉన్నప్పుడు, ఏడు నెలలు లంగరు మీద వదిలేసిన ఓడని లేపడానికి ఆరుగురం వెళ్లాం. టార్చిలైట్లు, మా బ్యాటరీలు, మా డీజిల్ పీపాలు మేమే మోసుకెళ్లాం. మొదటి ట్యూబులైటు వెలిగింది మూడో రోజు సాయంత్రం. ఆ వెలుతురులో మా ఫిట్టర్ గోడకి చెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ల సర్వీసులో అంత సంతోషం నాకు కొన్నిసార్లే దొరికింది.

అపోహ: కంప్యూటర్‌ను పట్టుకుంటే ఓడంతా చేతిలోకి వచ్చేస్తుంది.

వాస్తవం: సినిమాలో పెద్ద ఓడ లంగరు దానంతటదే జారి, పక్కనున్న టగ్‌ను ముంచేస్తుంది. మామూలు సరుకు ఓడలో లంగరుకి బ్రేకు ఉంటుంది, గొలుసుకి అడ్డంగా స్టాపర్ ఉంటుంది, ప్రయాణంలో అయితే పైన కట్లు కూడా ఉంటాయి. ఇవన్నీ మనిషి చేత్తో విప్పాల్సినవి. మెయిన్ ఇంజిన్‌ని బ్రిడ్జి, అంటే ఓడను నడిపే పై గది నుంచే నడుపుతాం, నిజమే. కానీ ఇంజిన్ పక్కనే నిలబడి చేత్తో నడిపే ఏర్పాటూ ఉంటుంది. చుక్కానిని కూడా వెనకున్న స్టీరింగ్ గేర్ గదిలోంచి తిప్పవచ్చు. మూడు నెలలకోసారి దానికి డ్రిల్ చేస్తాం.

అలాగని కంప్యూటర్ల ముప్పును తీసిపారేయలేం. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ మెర్స్క్ అనే పెద్ద ఓడల కంపెనీ కంప్యూటర్లను కూల్చేసింది. సముద్రం మీద ఓడలు నడుస్తూనే ఉన్నాయి, ఒడ్డున టెర్మినళ్లలో మాత్రం ఏ కంటైనర్ ఎక్కడుందో చెప్పే దిక్కు లేకపోయింది.

సినిమాలో కనిపించే ఓడ నిజమైనదే. అమెరికా వాళ్లు క్షిపణులను గమనించడానికి వాడిన జనరల్ హోయ్ట్ ఎస్. వాండెన్‌బర్గ్ అది. 2009 మేలో ఫ్లోరిడాలోని కీ వెస్ట్ దగ్గర, చేపలకు ఆవాసంగా, డైవర్లకు చూసే చోటుగా ఉండాలని కావాలనే ముంచారు. రెండు నిమిషాల్లోపే మునిగిపోయింది. ముంచేముందు విషపదార్థాలు సముద్రంలో కలవకుండా దానిలోంచి 8 లక్షల అడుగులకు పైగా కరెంటు తీగ పీకేశారు. ఓడ ఒంట్లో నరాల్లా ఎంత తీగ ఉంటుందో చూడండి. కథ రాసినవాళ్లకు ఆ జీవాన్ని తీగల్లో పెట్టాలని ఎందుకు తోచిందో నాకు అర్థమవుతుంది.

అపోహ: తుపాను కన్నులో ప్రశాంతంగా ఉంటుంది.

వాస్తవం: గాలికి మాత్రమే ఆ మాట వర్తిస్తుంది. చుట్టూ నాలుగు దిక్కుల నుంచి లేచిన అలలు కన్నులో ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఏ అలకి ఎదురు పెట్టాలో తెలియక ఓడ నలిగిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను మా విశాఖ మీదుగా వెళ్లింది. కాసేపు గాలి తగ్గితే అయిపోయిందనుకున్నాం. తర్వాత అవతలి దిక్కు నుంచి మళ్లీ కొట్టింది. నేల మీద ఉన్నాం కాబట్టి ఇళ్లలోకి పరిగెత్తాం.

అపోహ: వదిలేసిన ఓడ దొరికినవాడిదే. కనీసం పదో వంతు విలువ అయినా వాడికి దక్కుతుంది.

వాస్తవం: సినిమాలో టగ్ కెప్టెన్ ఆశంతా దీని మీదే. మనుషులు దిగిపోయినంత మాత్రాన ఓడ మీద యజమాని హక్కు పోదు. కాపాడి తెచ్చినవాళ్లకు దక్కేది సాల్వేజ్ బహుమానం. 1989 నాటి అంతర్జాతీయ సాల్వేజ్ ఒప్పందం ప్రకారం ఓడ విలువ, ప్రమాదం తీవ్రత, పడిన శ్రమ, పర్యావరణాన్ని కాపాడిన తీరు అన్నీ చూసి దాన్ని లెక్కగడతారు. పదో వంతు అనే స్థిరమైన లెక్క ఎక్కడా లేదు. ‘కాపాడకపోతే కూలి లేదు’ అన్నది పాత సూత్రం. మనుషుల ప్రాణాలు కాపాడటం మాత్రం కెప్టెన్ విధి, దానికి వాళ్ల దగ్గర డబ్బు అడగకూడదు.

మేరీ సెలెస్ట్ కథే చూడండి. 1872 డిసెంబరు 4న అట్లాంటిక్‌లో డీ గ్రేషియా అనే ఓడ వాళ్లకు అది ఖాళీగా కనిపించింది. 1,701 పీపాల ఆల్కహాల్ సరుకు ఉంది. కెప్టెన్, అతని భార్య, రెండేళ్ల పాప, ఏడుగురు నావికులు లేరు. ఓడని జిబ్రాల్టర్ చేర్చినవాళ్లకు దక్కిన తొలి ఫలితం అనుమానం. మీరే చంపి ఉంటారని నెలల తరబడి విచారించారు. చివరికి ఇచ్చింది 1,700 పౌండ్లు, ఓడా సరుకూ కలిపిన విలువలో సుమారు ఐదో వంతు. వాళ్లు ఆశించింది అంతకన్నా చాలా ఎక్కువ.

అపోహ: దిక్కులేకుండా తిరిగే ఓడలు ఇప్పుడు లేవు. ఉన్నా వాటిలో ఒకదాన్నొకటి పీక్కుతినే ఎలుకలే ఉంటాయి.

వాస్తవం: ఆల్టా అనే ఓడలోని పదిమందిని 2018 అక్టోబరులో అమెరికా కోస్ట్ గార్డ్ బెర్ముడాకు చాలా దూరంలో కాపాడింది. ఓడ మాత్రం ఏడాదికి పైగా ఒంటరిగా తిరిగి 2020 ఫిబ్రవరిలో ఐర్లండ్ తీరంలో రాళ్లకు తగులుకుంది. ఎలుకల కథ ల్యుబోవ్ ఓర్లోవా అనే ప్రయాణికుల ఓడది. 2013లో కెనడా నుంచి తుక్కుకి లాక్కెళ్తుంటే తాడు తెగి కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది పత్రికలు ఎలుకలతో నిండిన ఓడ వస్తోందని రాశాయి. ఆ ఎలుకల్ని చూసినవాళ్లు ఎవరూ లేరు. నీళ్లు తగిలితే మోగే ప్రమాద సంకేతాలు 2013లోనే అందాయి, కాబట్టి అది అప్పుడే మునిగిపోయి ఉంటుందని చాలామంది నమ్మకం.

అపోహ: ఖాళీ ఓడలో ప్రాణం తీసేది చీకట్లో దాక్కున్నది.

వాస్తవం: ప్రాణం తీసేది గాలి. ఈ ఒక్క భాగం మాత్రం నెమ్మదిగా చదవమని పిల్లలకు మళ్లీ మళ్లీ చెప్పాను.

మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. ఇనుము తుప్పు పట్టడమంటే ఆ ఆక్సిజన్‌ను తినడమే. ఓడ నిలకడ కోసం సముద్రపు నీళ్లు నింపే బాలస్ట్ ట్యాంకును నెలల తరబడి మూసి ఉంచితే అందులో, లంగరు గొలుసు పోగుపడే గదిలో తుప్పు ఆ పని చేస్తూనే ఉంటుంది. బొగ్గు, దుంగలు, తుక్కు ఇనుము నింపిన సరుకు గది (హోల్డు)లోనూ ఇంతే. లోపలికి దిగినవాడికి ఊపిరాడనట్టు కూడా అనిపించదు, ఎందుకంటే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితేనే మనకు ఉక్కిరిబిక్కిరి తెలుస్తుంది. ఆక్సిజన్ బాగా పడిపోయిన చోట రెండు మూడు ఊపిర్లకే నిచ్చెన మీంచి జారిపోతాడు. పైన నిలబడినవాడు కాలు జారి పడ్డాడనుకుని పరుగున దిగుతాడు. వాడూ అక్కడే పడతాడు. నేను క్యాడెట్‌గా ఉన్నప్పుడు పక్క బెర్తులోని ఓడలో ఇలాగే ఇద్దరు పోయారు. రెండోవాడు మొదటివాడి కేబిన్‌లోనే ఉండేవాడు.

హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఇంకో రకం. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగితే అంతే.

అందుకే ముందు గాలి ఆడించాలి, మీటర్‌తో పై భాగం, మధ్య, అడుగు మూడు చోట్లా కొలవాలి, పర్మిట్ రాయాలి, గుమ్మం దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి. వాడు ఏం జరిగినా లోపలికి దిగకూడదు, అలారం కొట్టాలి. 2015 నుంచి రెండు నెలలకోసారి దీనికి డ్రిల్ తప్పనిసరి. సినిమాలో మూసిన తలుపు కనబడితే చాలు తెరిచి లోపలికి దూకేస్తారు. నాకు వెన్నులో చలి పుట్టింది అక్కడే.

అపోహ: వదిలేసిన ఓడంటే మనుషులు లేని ఓడ.

వాస్తవం: ఇప్పుడు లోకంలో వదిలేసిన ఓడల్లో చాలావాటిలో మనుషులున్నారు. యజమాని డబ్బు పంపడం ఆపేస్తాడు, ఫోన్ ఎత్తడు. మొదట జీతం ఆగుతుంది, తర్వాత డీజిల్, ఆ తర్వాత తాగే నీళ్లు. ఈజిప్టులో 2017లో అధికారులు నిలిపేసిన అమాన్ అనే ఓడకు కోర్టు ఒక సిరియా నావికుడిని చట్టపరమైన కాపలాదారుగా నియమించింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు వెళ్లారు, అతను మాత్రం కదలడానికి వీల్లేదు. తల్లి చనిపోయినా వెళ్లలేకపోయాడు. ఓడ ఒడ్డు దగ్గరికి కొట్టుకొచ్చాక తిండికి, ఫోన్ ఛార్జింగుకి ఈదుకుంటూ వెళ్లొచ్చేవాడు. 2021 ఏప్రిల్‌లో విడుదలయ్యాడు.

అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్కలో 2024లో ఇలా వదిలేసిన ఓడలు 312, వాటిలో చిక్కుకున్నవాళ్లు 3 వేలకు పైమాటే. దేశాలవారీగా చూస్తే అందరికన్నా ఎక్కువమంది మన భారతీయులు.

చేరబోయే పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు నేను చెప్పేది ఇది. ఏజెంటుకి ఆర్.పి.ఎస్.ఎల్. (నావికులను ఉద్యోగాల్లో పెట్టే అనుమతి) లైసెన్సు ఉందో లేదో ఓడల వ్యవహారాలు చూసే ప్రభుత్వ విభాగం డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. ఉద్యోగం ఇప్పించినందుకు డబ్బు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి, అది చట్టవిరుద్ధం. సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం రెండు నెలలు జీతం రాకపోతే నావికుడిని యజమాని వదిలేసినట్టుగానే లెక్కిస్తారు. నాలుగు నెలల దాకా జీతబకాయి, ఇంటికి చేరే ఖర్చు బీమా ఇవ్వాలి. ఆ బీమా సర్టిఫికెట్ ఓడలో అందరికీ కనబడేచోట అంటించి ఉండాలి. ఓడ ఎక్కిన మొదటి రోజే దాని దగ్గరికి వెళ్లి, గడువు తేదీ చూసి, ఫోటో తీసి ఇంటికి పంపండి.