తెల్లకర్రకి 5 శాతం, ఫోనుకి 18: ఈ పన్ను వెనక కథ

పోయిన నెల తిరుపతి గాంధీ రోడ్డులో ఒక షాపుకి వెళ్ళాం, మా పెద్దమ్మ కొడుక్కి ఫోను కొనాలని. అన్నకి పుట్టుకతోనే చూపు లేదు. బిల్లు చేతికి రాగానే ఎప్పటిలాగే "చదువురా" అన్నాడు. ఫోను 15,000, జీఎస్టీ 18 శాతం కింద 2,700, మొత్తం 17,700. అన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మడత కర్రని నేలకి ఆనించి, "దీనికి 5 శాతమే కదరా. ఇది లేకపోతే ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని నడుస్తా. ఫోను లేకపోతే జీతం పడిన మెసేజి కూడా ఇంకొకరితో చదివించుకోవాలి" అన్నాడు.

ఈ 5 ఎక్కడిది, ఆ 18 ఎక్కడిది అని వెనక్కి వెళ్తే నాకు ముందు బాధ కలిగించింది ఆ 5 శాతమే, ఎందుకంటే అంతకుముందు అది సున్నా. మన రాష్ట్రంలో 1957 నాటి అమ్మకపు పన్ను చట్టం పోయి 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. పన్ను లేని సరుకుల కోసం అందులో ఒక షెడ్యూలు పెట్టారు, వికలాంగులు వాడే పరికరాలు అందులోనే ఉండేవి. అంటే బ్రెయిలీ పలక తిరుపతిలో కొన్నా, వీల్‌చైర్ చిత్తూరులో కొన్నా వ్యాట్ ఉండేది కాదు.

2017లో పరిస్థితి తిరగబడింది. వికలాంగుల హక్కుల కొత్త చట్టం ఆ ఏడాది ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. సరిగ్గా నెల తిరిగేసరికి జీఎస్టీ కౌన్సిల్ శ్రీనగర్‌లో కూర్చుని రేట్లు ఖరారు చేస్తే, వికలాంగుల పరికరాల మీద 5 నుంచి 18 శాతం దాకా పడింది. దేశమంతా వికలాంగుల సంఘాలు రోడ్డెక్కాయి, ఉత్తరాలు రాశాయి, తర్వాత విషయం సుప్రీంకోర్టు గడప కూడా తొక్కింది. జూలై 1న జీఎస్టీ మొదలయ్యేటప్పటికి చాలావాటిని 5కి దించారు. దించారన్నది నిజమే, కానీ సున్నా దగ్గరున్నవాళ్ళకి అది ఎక్కడమే.

మరి సున్నాకే ఎందుకు దించలేదంటే ఆర్థిక శాఖ ఒక లెక్క చెప్పింది, దాన్ని కొట్టిపారేయలేం. తెల్లకర్ర తయారు చేసేవాడు అల్యూమినియం గొట్టం, రబ్బరు పిడి కొంటాడు, వాటి మీద ఎక్కువగా 18 శాతం కట్టి ఉంటాడు. కర్ర మీద 5 శాతం ఉంటే ముందు కట్టిన పన్ను లెక్కలో సర్దుకుని మిగిలింది వాపసు అడగొచ్చు. పన్నే లేదంటే వాపసూ లేదు, ఆ భారం కర్ర ధరలో కలుస్తుంది. పైగా విదేశాల నుంచి వచ్చే కర్రకి ఏ పన్నూ తగలదు కాబట్టి ఇక్కడి తయారీదారు దెబ్బతింటాడు. ఇదీ వాళ్ళ వాదన.

కానీ దీనికి మందు చట్టంలోనే ఉంది. ఎగుమతి సరుకు మీద పన్ను సున్నా, అయినా ముడిసరుకు మీద కట్టింది వాపసు వస్తుంది. ఎక్కడో ఎందుకు, మన శ్రీసిటీ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లోని యూనిట్లకి వెళ్ళే సరుకుకీ ఇదే వెసులుబాటు. ఫ్యాక్టరీకి చేయగలిగింది చూపులేనివాళ్ళకి ఎందుకు చేయరన్నదే నా ప్రశ్న.

ఇక ఆ 5 శాతం జాబితాలో ఏముందో చూడండి. బ్రెయిలీ పలక, చుక్కలు పొడిచే స్టైలస్, లెక్కలు చేసుకునే టేలర్ ఫ్రేము, తెల్లకర్ర, మాట్లాడే క్యాలిక్యులేటరు, బ్రెయిలీ కాగితం. చిన్నప్పుడు అన్న పక్కన కూర్చుని చూసేవాణ్ణి: మందపాటి కాగితం పలకలో బిగించి, కుడి నుంచి ఎడమకి టక్ టక్‌మని చుక్కలు పొడిచి, తీసి తిప్పి ఎడమ నుంచి వేళ్ళతో చదివేవాడు. మామూలు నోటుబుక్కు కాగితం చిరిగిపోయేది. అచ్చయిన బ్రెయిలీ పుస్తకానికి జీఎస్టీ లేదు, అదే పిల్లాడు రాసుకునే బ్రెయిలీ కాగితానికి మాత్రం 5 వేశారు.

ఆ జాబితా మాటలు పాత కస్టమ్స్ (దిగుమతి సుంకం) మినహాయింపుల నుంచి వచ్చినవి. అందుకే అందులో సోనిక్ గైడ్ ఉంది, న్యూజిలాండ్‌లో లెస్లీ కే అనే ఆయన రూపొందించిన, ఎదురుగా ఉన్నవాటిని శబ్దంతో తెలిపే 1970ల నాటి కళ్ళజోడు అది. క్యాసెట్ల మీది మాట్లాడే పుస్తకాలూ ఉన్నాయి. చివర్లో, అంధుల కోసం ప్రత్యేకంగా చేసిన, చేతికి తగిలే వస్తువులన్నీ అని ఒక మాట. చిక్కంతా అక్కడే. తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్ చేతికి తగలదు, కాబట్టి జాస్ లాంటిది కొంటే 18 శాతం. (2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం కాబట్టి చాలామంది బతికిపోయారు.) ఫోను అందరిదీ, ప్రత్యేకంగా చేసింది కాదు, కాబట్టి దానికీ 18.

2009 నుంచి ఐఫోన్‌లో వాయిస్ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ అని తెర చదివి వినిపించే సదుపాయాలు వచ్చాక కర్ర తర్వాత కర్ర ఫోనే అయింది. ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. నోట్లు గుర్తుపట్టడానికి చూపులేనివాళ్ళ కోసం 2020 జనవరి 1న రిజర్వ్ బ్యాంకే మణి అని ఒక యాప్ తెచ్చింది, అంటే నోటు పోల్చుకోవాలంటే ఫోను ఉండాలి. మూడు నెలలకి, ఏప్రిల్ 1న, ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18కి పెరిగింది. 2025 సెప్టెంబరు 22న రేట్లు మార్చినప్పుడు కళ్ళద్దాలు 5 శాతానికి దిగాయి, సంతోషమే, కానీ అద్దాలు పెట్టినా ఉపయోగం లేనివాళ్ళు వాడే ఫోను 18 దగ్గరే ఆగిపోయింది.

ఆ రోజు అన్న సదరం (వికలాంగత) సర్టిఫికెట్ జెరాక్సు జేబులో పెట్టుకొచ్చాడు, ఏమైనా తగ్గుతుందేమోనని. షాపతను పాపం కంప్యూటర్లో అటూ ఇటూ వెతికి, "బిల్లులో అట్లాంటి కాలమే లేదన్నా" అన్నాడు. షాపులో కాలమ్ లేకపోయినా పర్వాలేదు. గ్యాస్ సబ్సిడీ ఖాతాలో వేసినట్టే, సదరం నంబరు, బిల్లు చూసి కట్టిన పన్ను వెనక్కి వేయొచ్చు, అయిదేళ్ళకో ఫోను అని పరిమితి పెట్టుకున్నా సరే. అన్న విషయంలో ఆ మొత్తం 2,700 రూపాయలు.